అమ్మమ్మ ట్రంకు పెట్టెలో చీరలున్నాయి కదా, ముందు ఒక బొంత కుట్టండి

మీరు అడిగింది ఇది: అమ్మమ్మగారి ఇల్లు అమ్మేశాక ఆవిడ ట్రంకు పెట్టె, ఇత్తడి సామాను, బొమ్మల కొలువు బొమ్మలు హైదరాబాద్‌లో మీ ఫ్లాట్‌కి వచ్చాయి. పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్నారు. పాతకాలపు ఇళ్ళ వీడియోలు చూసి, మన ఇల్లూ అలా ఉండాలని క్రోషా సూదులు, దారాలు, ఎంబ్రాయిడరీ రింగులు, పాతవిలా కనిపించే లాంతర్లు కొన్నారు. ఏ పనీ చివరిదాకా రాలేదు. మీవారు ఇల్లంతా సామానే అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి, ఆ చీరలు కోయొచ్చా, చేసినవి ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా, అసలు వీటివల్ల తృప్తి అనేది వస్తుందా అని మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్ళుగా బొంతలు కుడుతున్నాను, పాత చీరలు బాగుచేస్తున్నాను, మా వీధిలో ఆడవాళ్ళకి నేర్పుతున్నాను కూడా. తృప్తి వస్తుందండీ, నిజంగానే వస్తుంది. కానీ అది వస్తువుల్ని సర్దిపెట్టుకుని చూసుకుంటే రాదు, రోజూ వాడుకుంటే వస్తుంది. నాకు తెలిసింది ఇదొక్కటే, మిగతాదంతా దాని వివరమే. అందుకని ముందుగా ఇంకేమీ కొనకండి. లాంతర్లు ఎవరికైనా ఇచ్చేయండి. మీ పెట్టెలో ఉన్న ఒక నూలు చీరతో పిల్లవాడికి బొంత కుట్టండి. క్రోషా, ఎంబ్రాయిడరీ తర్వాత చూద్దాం.

బొంతే ఎందుకంటే, దానికి సూది, దారం, పాత చీర తప్ప ఏమీ అక్కర్లేదు. ఒక్క కుట్టు వస్తే చాలు. తప్పు పోయినా కనబడదు. పైగా పూర్తయిన రాత్రే కప్పుకోవచ్చు. ఇది మన ఒక్కరి పనీ కాదు. బెంగాల్లో కాంతా, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కవుది, అన్నీ పాత బట్టల్ని పొరలుగా వేసి చేత్తో కుట్టేవే. కాంతాని ఇప్పుడు షాపుల్లో ఎంత ఖరీదుకి అమ్ముతున్నారో చూస్తే మన బొంత మీద మనకే గౌరవం కలుగుతుంది.

లెక్క చెబుతాను. చీర అయిదున్నర మీటర్ల పొడవు, సుమారు 115 సెంటీమీటర్ల పన్నా. దాన్ని పొడవునా అయిదు మడతలు వేస్తే ఒక్కో పొర 110 సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్క చీరతో అయిదు పొరల చదరపు బొంత తయారు, కత్తెర పెట్టే పని కూడా లేదు. చిన్న పిల్లలకి సరిగ్గా సరిపోతుంది. పెద్ద మంచానికైతే చీరని రెండు ముక్కలు చేసి పక్కపక్కన కలుపుకోవాలి, పైనా కిందా మంచి చీరలు, మధ్యలో నలిగిపోయినవి మూడో నాలుగో వేయాలి. అది రెండో బొంతకి ఉంచండి.

చీర నూలుదే కావాలి. ఉతికి ఉతికి మెత్తబడిన వెంకటగిరి నూలు చీర, మామూలు నేత చీర, మల్‌మల్ చీర ఏదైనా సరే. పాలిస్టర్ కలిసినవి వద్దు. పొరలు జారిపోతాయి, కప్పుకుంటే ఉక్క. ముందు వేడినీళ్ళలో నానబెట్టి గంజి పూర్తిగా పోయేలా ఉతకండి, గంజి ఉంటే పురుగు పడుతుంది. రంగు వదులుతుందేమో తెల్ల గుడ్డ తడిపి ఒక మూల రుద్ది చూడండి. ఆరాక ఇస్త్రీ చేసి, హాల్లో నేల మీద పరిచి, అయిదు పొరలూ అంచుకి అంచు కలిసేలా మడవండి. మధ్య నుంచి బయటికి అరచేత్తో ముడతలు తోసుకుంటూ జానెడు జానెడు దూరంలో కచ్చా కుట్టు, అంటే తర్వాత విప్పేసే వదులు కుట్టు, వేయండి. ఈ కచ్చా కుట్టు దగ్గర బద్ధకించకూడదు. ఇది సరిగ్గా పడకపోతే తర్వాత ఒక పొర ఇటు, ఇంకో పొర అటు ఉబ్బుతాయి.

ఇప్పుడు గీతలు. నూలు దారానికి ముగ్గుపిండి బాగా పట్టించి, ఈ చివర ఒకళ్ళు, ఆ చివర ఒకళ్ళు బొంత మీద బిగించి పట్టుకోవాలి. మూడో మనిషి మధ్యలో దారాన్ని కొంచెం పైకి లాగి వదిలితే టప్‌మని తెల్లటి గీత పడుతుంది. బొటనవేలి వెడల్పు జరిగి మళ్ళీ ఇంకోటి. ఈ పని ఒక్కరు చేయలేరు, అందుకే నాకిది ఇష్టం. సామాను అని విసుక్కుంటున్న మీవారిని ఒక చివర పట్టుకోమనండి, పెద్దపిల్లని రెండో చివర, చిన్నవాడికి లాగి వదిలే పని ఇవ్వండి. ఆదివారం పొద్దున ఒక అరగంట. తర్వాత ఆ బొంత గురించి ఆయన ఇంకోలా మాట్లాడతారు, నేను చాలా ఇళ్ళలో చూశాను.

కుట్టు మామూలు ముందుకుట్టే, అంటే రన్నింగ్ స్టిచ్. సూది కాస్త పొడుగ్గా ఉంటే ఒకేసారి నాలుగైదు కుట్లు ఎక్కించి లాగొచ్చు. దారం నూలుదే వాడండి. గట్టి పాలిస్టర్ దారం పాత నూలు బట్టని క్రమంగా కోసేస్తుంది. రెండు మూరలకన్నా పొడవు తీసుకుంటే చిక్కుపడుతుంది. సూది అయిదు పొరల్లోంచీ దిగి కింద వేలికి తగలాలి, ఆ తగలడమే గుర్తు. మొదట్లో ఒక వరసకి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. మొత్తం యాభై యాభై అయిదు వరసలు ఉంటాయి. రోజుకి ఒకటి కుడితే రెండు నెలలు, సెలవురోజు ఇంకో రెండు వేస్తే ఇంకాస్త ముందే. వరసలన్నీ అయ్యాక కచ్చా కుట్టు విప్పేసి, ఇంకో చీర అంచు చుట్టూతా వేసి కుట్టేయండి. పిల్లలు ఒక వరస కుడతామంటే కుట్టనివ్వండి. వంకర పోతుంది. దాన్ని విప్పకండి, వాళ్ళు పెద్దయ్యాక ఆ వరస ఎక్కడుందో వెతుక్కుంటారు.

ఇంటిపనిలో తృప్తి ఎందుకు దొరకదో మీకు నేను చెప్పక్కర్లేదు. వండింది తినేస్తారు, తోమింది మళ్ళీ సింకులోకి వస్తుంది, ఊడ్చిన గది గంటలో మామూలే. సాయంత్రానికి పొద్దుటి పని ఏదీ కంటికి కనబడదు. ఉద్యోగం మానేసినవాళ్ళకి ఇది మరీ బాధ, ఎందుకంటే అక్కడ ఏ నెల ఏం చేశామో ఎవరో ఒకరు లెక్క రాసేవాళ్ళు. బొంత మీద నిన్నటి వరస ఇవాళ అక్కడే ఉంటుంది. ఇవాళ్టిది దాని పక్కన చేరుతుంది. మనసు బాగోని రోజున కూడా ఒక వరస కుట్టగలం, దానికి పెద్ద ఉత్సాహం అవసరం లేదు. పిల్లలు హోంవర్క్ చేసుకునే టైములో పక్కన కూర్చుని కుట్టుకోండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. వీడియో చూస్తూ కుడితే ఆ అమ్మాయి ఇల్లు, ఆ అమ్మాయి కుట్టు కళ్ళముందు ఉండి మీది మీకు నచ్చదు.

ఇక చీరలు కోయడం సంగతి. నూలువి, చిరుగులున్నవి నిశ్చింతగా కోయండి. పట్టుచీరల దగ్గర ఆగండి. ఒక్కో చీరనీ వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టి చూడండి. మడతల దగ్గర గీతలు గీతలుగా వెలుతురు కనబడితే అక్కడ పట్టు విరిగిందని అర్థం. రెండు బొటనవేళ్ళ మధ్య బట్టని పట్టుకుని మెల్లగా లాగండి. పర్రుమంటే దాన్ని ఇక కట్టుకోలేం, ఏ దర్జీ చేతికిచ్చినా నిలవదు. గట్టిగా నిలిస్తే ఆ చీర కట్టుకోవాల్సిందే, కోయకూడదు. చిన్న చిరుగుంటే రఫూ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. బట్ట పాడై అంచు గట్టిగా ఉన్న చీరైతే అంచూ కొంగూ విప్పి కొత్త బట్టకి వేయించుకోవచ్చు, పాపకి పావడా కుట్టించొచ్చు. గద్వాల్ చీర ఉందన్నారు. దానిలో మధ్య బట్ట నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు భాగం ముందు అరిగినా అంచు చాలాకాలం ఉంటుంది, పావడాకి అంతకన్నా మంచిది లేదు.

వీధిలో మైకు పెట్టుకుని పాత పట్టుచీరలు కొంటామని వస్తారు. వాళ్ళు కొనేది జరీలో ఉన్న వెండి కోసం. పాతకాలం జరీ అంటే వెండి తీగకి బంగారు పూత. చీర కాల్చి వెండి తీస్తారు. మీకు డబ్బు అవసరం పడితే అది మీ ఇష్టం, తప్పు పట్టను. కానీ వాళ్ళు చెప్పిన మొదటి ధరకి మాత్రం ఇవ్వకండి, నమ్మకమైన చోట ఇంకో ఇద్దరిని అడగండి. నన్నడిగితే, కట్టుకోగలిగిన చీరని కాల్చడానికి ఇవ్వడం నా మనసు ఒప్పుకోదు.

ఉంచుకున్నవాటికి చేయాల్సింది కొంచెమే. మూణ్ణెల్లకోసారి విప్పి, నీడలో గాలి ఆడనిచ్చి, ఈసారి వేరే చోట మడత పడేలా మడవండి. తెల్లటి పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు. కలరా ఉండలు జరీకి తగలకూడదు. మా ఇళ్ళలో ఎండిన వేపాకు, వసకొమ్ము చిన్న గుడ్డలో మూటకట్టి బీరువా మూలల్లో పెడతాం. జరీ మీద సెంటు కొట్టకండి, నల్లబడుతుంది. పెట్టెలో తాతగారి పంచె ఏదైనా పొందూరు ఖద్దరైతే దాన్ని బొంతలో వేసేయకండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడుకుతారు. ఆ నూలు మెత్తదనం వేలికే తెలుస్తుంది. పిల్లలకి చూపించి, చేతికిచ్చి తడమనివ్వండి.

పాత స్టైల్‌లో ఉండాలని మీకున్న కోరిక మంచిదే, దాన్ని చిన్నచూపు చూడకండి. అయితే దాన్ని ఫోటో కోసం తయారయ్యే రోజుకి కాకుండా మామూలు మంగళవారానికి తీసుకురండి. అమ్మమ్మ మంగళగిరి నూలు చీర, నిజాం అంచుది, కట్టుకుని కూరగాయలకి వెళ్ళండి. ఆ చీరకి బుట్టచేతుల జాకెట్ కుట్టించుకోండి. పాత జాకెట్ ఒకటి పెట్టెలో ఉంటే దాన్నే కొలతకి ఇవ్వండి. టైలర్‌కి బొమ్మ చూపించేకన్నా చేతి దగ్గర కుచ్చు ఎంత పెట్టారో జాకెట్టే చెబుతుంది. వారానికి రెండు రోజులు అలా కట్టుకుంటే ఆర్నెల్లలో అది వేషంలా ఉండదు, మీ బట్టలా ఉంటుంది.

ఇత్తడి గురించి త్వరగా చెప్పేస్తాను. అన్నీ బయట పెట్టుకోవద్దు, తోమలేక విసుగొస్తుంది. ఒక అన్నం గిన్నె, ఒక మంచినీళ్ళ బిందె చాలు. గిన్నెకి లోపల కళాయి, అంటే తగరం పూత, పోయి పసుపు రంగు కనబడుతుంటే వంట చేయకండి, ముఖ్యంగా చింతపండు, పెరుగు, నిమ్మకాయ పడే వంట. చిలుము పట్టి కడుపులో వికారం పెడుతుంది. కళాయి వేసేవాళ్ళు తగ్గిపోయారు కానీ పాతబస్తీ వైపు, ఇత్తడి సామాను అమ్మే షాపుల దగ్గర అడిగితే తెలుస్తుంది. గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో తుడుస్తుంటే నిమిషంలో లోపలంతా వెండిలా మారుతుంది. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

బొమ్మల కొలువు బొమ్మలు ఉన్నాయన్నారు, వాటి మీద నాకు ప్రత్యేకంగా ప్రేమ. కొండపల్లివి ఏవో, ఏటికొప్పాకవి ఏవో ముందు విడదీయండి. చేత్తో ఎత్తితే దూదిలా తేలిగ్గా ఉండి, మనుషులు, జంతువులు, బండ్లు, దశావతారాల రూపాలు ఉంటే కొండపల్లి. అది తెల్లపొణికి చెక్క. చేతులూ కాళ్ళూ వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకే తడిగుడ్డ పెట్టారంటే అతుకులు ఊడతాయి. మెత్తటి బ్రష్‌తో దులపడమే. చెయ్యి ఊడిన బొమ్మకి చింతగింజల పొడిని ఉడికించి, సన్నటి పొట్టు కలిపి ఆ ముద్దతో మీరే అతికించుకోవచ్చు, ఒకరోజు కదపకుండా ఆరనిస్తే చాలు.

గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉన్నవి, లక్కపిడతలు, బొంగరాలు, భరిణెలు అయితే ఏటికొప్పాకవి. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఊరు. అంకుడు కర్రని మిషన్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు వంటి మొక్కల రంగులు అక్కడ మళ్ళీ వాడుకలోకి రావడానికి సి.వి. రాజుగారు పడిన శ్రమ చాలా ఉంది, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మల్ని ఎండలో, పొయ్యి దగ్గర పెట్టకండి, పొడి గుడ్డతో తుడవండి.

సంక్రాంతికి మూడు మెట్లు కట్టి ఉన్నంతలో కొలువు పెట్టండి. తొమ్మిది మెట్లూ కావాలని టెన్షన్ పడకండి. పేరంటానికి వచ్చే పెద్దవాళ్ళని ఒక్కో బొమ్మ గురించీ అడగండి. మీ అమ్మగారికో, మీ అత్తగారికో ఏదో ఒక బొమ్మ ఎక్కడ కొన్నారో, ఎవరు విరగ్గొట్టారో గుర్తుంటుంది. అవి మీ పాప చేత ఒక పుస్తకంలో రాయించండి. కొలువు అయ్యాక లక్కపిడతలు మాత్రం పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చేయండి. పాడైతే పాడవుతాయి, అవి ఆడుకోవడానికే చేసినవి.

చివరికి అమ్మకం. ఇక్కడ మనసు విప్పి చెప్పాల్సింది ఉంది. మీరు కొన్న ఆ క్రోషా సూదే నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళకి కూలి పని. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన అల్లిక అది, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది. వంటపని అయ్యాక గుమ్మంలో కూర్చుని గంటల తరబడి అల్లుతారు, కళ్ళు లాగుతాయి, మెడ పట్టేస్తుంది. మధ్యవర్తి దారం ఇచ్చి, ముక్క లెక్కన కట్టే డబ్బు ఆ గంటలకి ఏ మూలకీ రాదు. వాళ్ళ పనితనం ముందు నా లేసు ఎందుకూ పనికిరాదు. అంత నేర్పున్నవాళ్ళకే అలా ఉంటే, ఇప్పుడే మొదలుపెట్టిన మనం నెలల తరబడి కుట్టిన బొంతకి గంటల లెక్కన ధర కడితే ఎవరూ కొనరు, కొనే ధరకి ఇస్తే మన శ్రమే చులకనవుతుంది. పైగా ఆర్డరు తీసుకున్న రోజు నుంచి ఆ సాయంత్రం అరగంట మీది కాకుండా పోతుంది. మొదటి ఏడాది అమ్మకం మాట తలపెట్టకండి. డబ్బు కావాల్సి వస్తే ఫాల్ కుట్టడం, చీర కుచ్చులు వేయడం నేర్చుకోండి. వాటికి ప్రతి వీధిలో గిరాకీ ఉంది, ఒక్కో చీరకి ఇంత అని ఖచ్చితంగా అడగొచ్చు. బొంతని దానితో కలపొద్దు. లేసు కావాలనిపిస్తే నరసాపురంలో అల్లినది కొనుక్కుని మీ దిండు గలీబులకి కుట్టుకోండి. అలంకారం కోసం ఏదైనా కొనమని నేను చెప్పేది అదొక్కటే.

చోటు గురించి మీవారు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో చేతిపనికి బీరువాలో ఒక అర చాలు. అందులో పట్టనిది ఉంచుకోవద్దు. సగంలో ఆగిన పనుల్లో చేయి మళ్ళీ దేని మీదికీ వెళ్ళకపోతే ఆ దారాలు పక్కింటి పిల్లలకి ఇచ్చేయండి, మీకు వెంటనే తేలిగ్గా ఉంటుంది.

ఈ వారం పెట్టె తెరిచి చీరలన్నీ మంచం మీద పరవండి. ఏది కోయాలో, ఏది ఉంచాలో అనుమానం ఉన్నవాటికి అంచు ఒకటి, కొంగు ఒకటి, వెనకవైపు ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. వెనకవైపు ఫోటో మాత్రం మర్చిపోకండి, చేత్తో నేసిందా మిషన్ మీద నేసిందా అక్కడే తెలుస్తుంది. చూసి ఒక్కోదాని గురించీ చెబుతాను.